శిథిల సౌందర్యము

పాడుపడిన కట్టడములయందు ఒక విచిత్రమైన అందము కలదు. హంపి చూచి వచ్చిన తెలుగువాడెవడును దీనిని కాదనడు. 1565వ సంవత్సరమున ఆ నగరము కూలినది. నేడు ఆ రాళ్ళపై సాయంకాలపుటెండ పడునప్పుడు, రాయలవారు బ్రతికియున్న నాడైనను ఇంత శోభ యుండెనా యని సందేహము కలుగును. కొండవీడు చూచినను, గండికోట చూచినను మనసునకు తోచునది ఇదియే. జాషువాగారు శ్మశానమునుగూర్చి వ్రాసిన పద్యములను హరిశ్చంద్ర నాటకములో నటుడు రాగము తీసి పాడుచుండగా, మన పల్లెలలో జనము తెల్లవాఱుదాక చలిలో కూర్చుండి, అదియు చాలక, మరల పాడుమని కేకలు వేసెడివారు. కావున శిథిలమును చూచి మనసు కరగుట, కరగి ఆనందించుట మనకు క్రొత్త కాదు. విదేశములనుండి దిగుమతియైన వ్యసనమును కాదు.

కాని కోట వేఱు, శ్మశానము వేఱు. ఒక ఆసుపత్రి, అందునను మతి చలించినవారిని ఉంచిన ఆసుపత్రి, మూతపడి, పైకప్పు కూలి, గోడలు పగిలి, తీగలు ప్రాకి అందముగా కనబడినప్పుడు, ఆ అందమును అనుభవించుటకు మనకు హక్కు కలదా? ఇదియే నేను విచారింపదలచిన ప్రశ్న. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఒక సరకు రవాణా కంపెనీలో ముప్పదియాఱు సంవత్సరములు గుమాస్తాగా రిజిస్టర్లు వ్రాసి విశ్రాంతి తీసికొన్నవాడను. అయినను పురసవాక్కములో పుట్టి పెరిగినవానికి ఈ ప్రశ్న వేసికొనుటకు కారణము కలదు. అది క్రమముగా తెలియగలదు.

ఇటీవల మన సంఘమునకు వచ్చుచుండు ఒక కుఱ్ఱవాడు తన ఫోనులో కొన్ని ఛాయాచిత్రములు చూపించెను. అమెరికాలో, ఇటలీలో మూతపడిన మానసిక వైద్యశాలల చిత్రములవి. చూపు ఆనని పొడవున ఒక వసారా; దానికి ఇరువైపుల ఒకే కొలతలో తలుపులు; గోడలకు పూసిన లేత ఆకుపచ్చ రంగు ఎండుటాకులవలె పెచ్చులు పెచ్చులుగా లేచి వ్రేలాడుచున్నది. ఇనుపచువ్వల కిటికీనుండి పడిన వెలుగు నేలమీది దుమ్ములో గీతలు గీసినది. ఒక గదిలో తుప్పుపట్టిన మంచము, దాని నడుమనుండి పైకి లేచిన మొక్క. మఱియొక గదిలో వరుసగా స్నానపు తొట్లు, వానిలో వాననీరు, ఆ నీటిలో ఆకాశము. ఎందును మనుష్యుడు లేడు. "ఇంత అందము మీరెక్కడనైన చూచితిరా, బాబాయిగారూ?" అని వాడు అడిగెను. "అందముగనే యున్నది, నాయనా" అంటిని. మొగమాటమునకు చెప్పిన మాట కాదది.

ఎందువలన అందము? నాకు తోచినది చెప్పెదను. ఇట్టి ఆసుపత్రి క్రమమునకై కట్టినది. థామస్ కర్క్‌బ్రైడ్ అను ఫిలడెల్ఫియా వైద్యుడు 1854లో వీని నిర్మాణమునుగూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. కట్టడము సరిగానున్నచో ఆ కట్టడమే రోగిని సగము బాగుచేయునని ఆయన నమ్మకము. ఎత్తైన కిటికీలు, ధారాళమైన గాలి, చుట్టును తోటలు, రెక్కలు విప్పిన పక్షివలె ఇరుప్రక్కల వెనుకకు వెనుకకు సాగిపోవు భవనములు. వేళకు గంట, వేళకు భోజనము, వేళకు నిద్ర. అంతటి క్రమమును కాలము తీరికగా కూర్చుండి విప్పుచున్నది. తిన్నని గీత వంగినది. తాళము వేసిన తలుపు తనంతట తాను తెఱచుకొన్నది. ఎవరిని లోన ఉంచుటకై చువ్వలు పాతిరో వారు లేరు. బయట ఉండవలసిన తీగ లోనికి వచ్చినది. బంధింపబడిన దేదో విడుదలయైనట్లు చూపరికి తోచును. ఆ విడుదలయే ఆ అందము. దానిలోని భయము కూరలో ఉప్పువంటిది.

మన ఆలంకారికులు ఈ సంగతి ఎఱుగనివారు కారు. భయానకమును, బీభత్సమును కూడ వారు రసములలో లెక్కించిరి. శోకము కరుణరసమై ఆనందము నిచ్చుట ఎట్లను ప్రశ్నకు భట్టనాయకుడు సాధారణీకరణము అను మాటతో సమాధానము చెప్పెను. అభినవగుప్తుడు దానిని విస్తరించెను. నాకు అర్థమైనంతవఱకు దాని భావమిది: రంగస్థలముమీద సీత ఏడ్చునప్పుడు ఆ దుఃఖము ఒక సీతది కాక అందఱిదియు నగును, ఎవరిదియు కాకయు పోవును; అప్పుడే అది రసము. ప్రక్కయింటివారి ఏడుపు విని మనము ఆనందింపము. నాటకములోని ఏడుపునకు టిక్కెట్టు కొందుము. ఈ తేడా యంతయు పేరు తొలగిపోవుటలో నున్నది.

ఇక్కడనే నాకు చిక్కు వచ్చినది. నాటకములోని దుఃఖమునుండి పేరు తొలగించినవాడు కవి. అది ఆతని శిల్పము. పాడుపడిన ఆసుపత్రిలోని దుఃఖమునుండి పేరు తొలగించినవా రెవరు?

ఇక పురసవాక్కము సంగతి. పురసు చెట్టు పేరిట, అనగా మన మోదుగ పేరిట, ఏర్పడినదని చెప్పు ఈ పేటకు నేడు గంగాధీశ్వరుని కోవెలవలనను, బట్టల దుకాణములవలనను ప్రసిద్ధి. కాని మదరాసులో మతి చలించినవారికై మొట్టమొదటి ఆశ్రయము వెలసినది ఈ పేటలోనే యని మనలో చాలమంది యెఱుగరు. 1794లో వాలెంటైన్ కొనోలీ అను వైద్యుడు ఇచ్చట ఒక ఇంటిలో 16 మొదలు 20 మంది వఱకు ఉండుటకు వసతి ఏర్పఱచెను. అది ధర్మకార్యము మాత్రమే కాదు, వ్యాపారము కూడ. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము సొమ్ము చెల్లించుచుండెను. తరువాత అది చేతులు మాఱి డాల్టన్ అను వైద్యునికి చేరెను. 1807లో ఆయన దానిని తిరిగి కట్టించి 54 మందికి చోటు చేసెను. జనము దానిని డాల్టన్ పిచ్చాసుపత్రి యనిరి. లోన నున్న ఏబదినలువురి పేర్లు పోయినవి. యజమాని పేరు నిలిచినది. 1871లో రోగులను కీల్పాక్కమున లోకాక్ తోట యను 66 ఎకరములకు పైబడిన స్థలములోని క్రొత్త ఆశ్రయమునకు తరలించిరి. అప్పటి సంఖ్య 145. 1922లో లూనటిక్ అసైలం అను పేరు మాన్పి మెంటల్ హాస్పిటల్ అనిరి. 1978లో అది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఆయెను. మేడవాక్కం ట్యాంక్ రోడ్డులో నేటికిని నడచుచున్నది. ట్యాంకు, అనగా చెరువు, ఎన్నడో పోయినది. రోడ్డునకు పేరు మాత్రము మిగిలినది.

పురసవాక్కములోని ఆ మొదటి ఇంటికి గుర్తుగా ఒక ఫలకమైనను ఈ అఱువదియేండ్లలో నా కంటబడలేదు. శిథిలము కావలెనన్నను స్థలము కావలెను, తీరిక కావలెను. ఈ పేటలో నేల ఖరీదైనది. ఏ కట్టడమునకును శిథిలమగుటకు సెలవు దొరకదు. రాక్సీ సినిమాహాలు ఏమాయెనో మీరెఱుగుదురు.

కట్టడమునకు బదులు ఒక మాట మిగిలినది. మా చిన్ననాట ఎవడైన అడ్డదిడ్డముగా మాటలాడినచో, 'వీనిని కీల్పాక్కమునకు పంపవలెను' అని గేలి చేసెడివారు. హైదరాబాదువారు ఎఱ్ఱగడ్డ యందురు, విశాఖపట్టణమువారు వాల్తేరు అందురు, ఉత్తరదేశమువారు ఆగ్రా యనియు రాంచీ యనియు అందురు. రోగులకు నీడనిచ్చిన ఊరి పేరు తిట్టుగా మాఱుట దేశమంతటను ఒకే తీరున జరిగినది. విచిత్రమేమనగా, ఇదే తెలుగు తల్లి బిడ్డను ఎత్తుకొని 'నా పిచ్చితల్లీ' యని ముద్దాడును. పిచ్చి యను మాటలో మనకు ఇంత ప్రేమ యున్నది. అది ఇంటిలో ముద్దుమాట. గడప దాటినచో తిట్టు.

విదేశములలోని ఆసుపత్రులు ఎందుకు ఖాళీ యయ్యెనో కూడ చెప్పవలెను. లేనిచో ఆ చిత్రములు చూచినవారు ఏదో శాపము తగిలి జనము పాఱిపోయినట్లు భావింతురు. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో సుమారు 5,58,000 మంది యుండిరి. అప్పటికి మూడేండ్లు ముందు ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజీన్ అను మందు ఉన్మాదమును శాంతింపజేయునని తెలిసెను. గొలుసులు చేయలేని పని మాత్ర చేసెను. 1963లో అమెరికా ఒక చట్టము చేసెను. 1978లో ఇటలీ, బసాగ్లియా అను వైద్యుని పేరిట ప్రసిద్ధమైన చట్టముతో, ఇట్టి ఆసుపత్రులను మూయుటకే నిశ్చయించెను. రోగులు బయటికి వచ్చిరి. కొందఱు ఇండ్లు చేరిరి. కొందఱు వీధులపాలైరి, కొందఱు చెఱసాలలపాలైరి. వెనుక కట్టడములు మిగిలినవి. మసాచుసెట్స్ రాష్ట్రమున 1878లో తెఱచిన డాన్వర్స్ ఆసుపత్రి 1992లో మూతపడి, పదునాలుగేండ్లు గాలికిని వానకును విడువబడి, తుదకు చాలభాగము పడగొట్టబడి నివాసగృహములుగా మాఱెను. క్రిస్టఫర్ పేన్ అను అమెరికను ఛాయాచిత్రకారుడు దేశమంతయు తిరిగి ఇట్టివి డెబ్బది చూచి 2009లో ఒక గ్రంథము వెలువరించెను. దానికి ముందుమాట వ్రాసినవాడు ప్రసిద్ధ నాడీవైద్యుడు ఆలివర్ సాక్స్. అసైలం అను మాటకు మొదటి అర్థము ఆశ్రయము, శరణాలయము. ఆ ఆవరణములలో పొలములు, పాడిపశువులు, వడ్రంగపు పనిశాలలు ఉండెడివని, అవి కేవలము నరకములు కావని ఆయన పక్షము. న్యాయమైన మాట. చెడ్డది కానిదానిని చెడ్డదనుట కూడ అసత్యమే.

ఆ శిథిలములలో రెండింటి సంగతి నా మనసును పట్టుకొన్నది. న్యూయార్కు రాష్ట్రమున విలర్డ్ అను ఆసుపత్రి 1995లో మూతపడినప్పుడు, ఒక భవనపు అటకమీద సుమారు నాలుగువందల పెట్టెలు కనబడినవి. రోగులు చేరిన దినమున తెచ్చుకొన్న ప్రయాణపు పెట్టెలు. తెఱచి చూచిరి: మడతపెట్టిన బట్టలు, ఉత్తరములు, ఛాయాచిత్రములు, పనిముట్లు, పిల్లల జోళ్ళు. మరల ఇంటికి పోవునప్పుడు తీసికొనవచ్చునని దాచినవి. చాలమంది పోలేదు. 2004లో ఆ రాష్ట్రపు ప్రదర్శనశాలవారు వానిని జనమునకు చూపిరి. గుమాస్తాగా నాకు తోచిన విశేషమొకటి: ఆ పెట్టెలకు చీటీలు కట్టియున్నవి. ఎవరో ఒక ఉద్యోగి ఒక్కొక్క పెట్టెకు పేరు వ్రాసి, వరుసగా పేర్చి, ముప్పదియేండ్లు, నలువదియేండ్లు భద్రపఱచెను. అయినను రోగి గోప్యమును కాపాడు చట్టమువలన ఇంటిపేర్లు బయట ప్రకటింపరాదనిరి. చట్టము ఉద్దేశము మంచిదే. కాని అంత భద్రముగా దాచిన పేరు కూడ తుదకు పలుకబడరానిదైనది.

రెండవది ఇటలీలో, వోల్తెర్రా పట్టణమున. ఫెర్నాందో నన్నెత్తి అను రోగి తన ఆసుపత్రి చొక్కాయి బొత్తాము వంటి లోహపు కొక్కెముతో, ప్రాంగణపు గోడమీద ఏండ్లతరబడి అక్షరములు చెక్కెను. నూటయెనుబది మీటర్ల పొడవున చెక్కెనని చెప్పుదురు. నక్షత్రములనుగూర్చి, యుద్ధములనుగూర్చి, తనను గూర్చి. ఆ గోడకు ఆనుకొని కదలక మెదలక కూర్చుండు రోగులుండెడివారట. వారిని లేపక, వారి తలల చుట్టును వ్రాసికొని పోయెనట. కావున అక్షరముల నడుమ అచ్చటచ్చట ఖాళీలు. ఎవరు కూర్చుండిరో తెలియదు గాని, కూర్చుండిరని మాత్రము ఆ ఖాళీ చెప్పుచున్నది. ఆ శిథిలములో నాకు అన్నిటికంటె అందమైనది ఆ ఖాళీయే. పెచ్చులు లేచిన రంగు కాదు.

మన దేశమున ఈ ఆసుపత్రులు పాడుపడలేదు. కీల్పాక్కమున ఉదయము పోయి చూడుడు, గేటువద్ద జనము. మంగుళూరున పుట్టి, ఈ దేశమున తొలి మహిళా మానసిక వైద్యురాలైన శారదా మేనోన్‌గారు 1961 మొదలు 1978 వఱకు ఆ ఆసుపత్రికి అధికారిణిగా నుండిరి. ఉద్యోగము విడిచిన పిదప కూడ ఊరకుండక 1984లో స్కార్ఫ్ అను సంస్థను నెలకొల్పి, నయమైన రోగి మరల మనుష్యులలో బ్రతుకుటెట్లను ప్రశ్నకే మిగిలిన జీవితము వినియోగించిరి. 2021లో తొంబదియెనిమిదవ యేట స్వర్గస్థులైరి. మందు ఇచ్చుట తెలిసినది, నయము చేయుట కొంతవఱకు తెలిసినది. నయమైనవారిని ఎచ్చటికి పంపుట యనునదే తెలియలేదు.

ఇచ్చట పాడుపడినది కట్టడము కాదు. నేను చిన్ననాట నేర్చిన వ్యాకరణము ఇప్పుడు పనికి వచ్చుచున్నది. పాడుపడుట అకర్మకక్రియ. ఇల్లు పాడుపడినది యన్నచో ఎవరిని అడుగ నక్కఱలేదు. ఎండ, వాన, కాలము. పాడుపెట్టుట సకర్మకము. దానికి కర్త కావలెను. ఛాయాచిత్రము మొదటి క్రియను చూపును. దానిలో కర్త యుండడు. అందువలననే అది హాయిగా నుండును.

మా వీధిలో ఒక తెలుగు కుటుంబముండెను. ఇద్దఱు ఆడపిల్లలు, ఒక కొడుకు. పెద్దపిల్లకు పందొమ్మిదవ యేట మతి చలించినది. ఇంటిలో రెండేండ్లు చూచి, చూడలేక, ఆసుపత్రిలో చేర్చిరి. రెండవపిల్లకు సంబంధములు చూచు నాటికి, 'మాకు ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు' అని చెప్పుట ఆరంభమైనది. రేషను కార్డులో ఒక పేరు తగ్గెను. తల్లి మాత్రము నెలకొకసారి స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకొని, కోవెలకు పోవుచున్నానని ఇంటిలో చెప్పి పోయెడిది. మా అమ్మతో నిజము చెప్పెడిది. ఎందుకనగా పసుపు, చింతపండు మా ఇంటినుండియే తీసికొనిపోయి మా వంటింటిలోనే కలిపెడిది. ఆ తల్లి పోయిన తరువాత పోవువారు లేరు. తండ్రియు పోయెను. ఆసుపత్రినుండి, రోగికి నెమ్మదించినది, వచ్చి తీసికొనిపొండని జాబు వచ్చినదని పోస్టుమాను మా ఇంటి యరుగుమీద కూర్చుండి చెప్పెను. అప్పటికి కొడుకు ఊరు మాఱియుండెను. ఇంటికి తాళము పడియుండెను. జాబు తిరిగిపోయెను.

ఆ ఇల్లు ఏడెనిమిది సంవత్సరము లట్లే నిలిచెను. పాతకాలపు మద్రాసు మిద్దె. ఎఱ్ఱగచ్చు అరుగు, నడుమ వాన పడు ముంగిలి, వెనుక వేపచెట్టు. మిద్దె పిట్టగోడలో రావిమొక్క మొలచి గోడను రెండుగా చీల్చినది. ముంగిలిలో నాచు పచ్చపట్టువలె పఱచుకొన్నది. సినిమావారు వచ్చి రెండు దినములు ఏదో దృశ్యము తీసిరి. అందఱును అందమనిరి, నిజముగనే అందముగా నుండెను. తరువాత ఫ్లాట్లు కట్టుటకై పడగొట్టుచుండగా పనివారు టేకు ద్వారబంధము ఒకటి పెఱికి అరుగుమీద వేసిరి. దానిమీద పిల్లల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలు, ప్రక్కన తండ్రి దస్తూరిలో తేదీలు. మూడు వరుసలు. అన్నిటికంటె ఎత్తైన గీత మొదటి వరుసలోనిది. ఆ ద్వారబంధము మంచి ధరకు పోయెను.

ఈ కుటుంబమును నిందించుటకు నేనిది చెప్పలేదు. తెల్లవార్లు నిద్రలేని ఇల్లు ఎట్లుండునో తెలియనివారు తీర్పు చెప్పుట తేలిక. చిన్నపిల్ల పెండ్లి ఆగిపోయినచో వీధిలో ఎవరైన వచ్చి కన్యాదానము చేసెడివారా? కర్త యనగా ఆ తండ్రి యొక్కడే కాడు. 'పెద్దపిల్ల సంగతి తెలిసినదా?' అని గుసగుసలాడిన మా వీధి యంతయు ఆ వాక్యములో కర్తయే. 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురము జిల్లా యేర్వాడిలో, తాటాకు కప్పిన ఒక పాకలో గొలుసులతో కట్టివేయబడిన రోగులలో 28 మంది అగ్నిప్రమాదమున మరణించిరి. వారిని అచ్చట విడిచినవారు చాలమంది మొక్కుకొని, నయమగునని నమ్మి విడిచినవారే. ఆ పాక బూడిద యైనది. దాని శిథిలమునకు వెలుగునీడల శోభ లేదు, చిత్రకారులు లేరు. అందముగా పాడుపడుటకు కూడ రాతికట్టడము కట్టుకొను భాగ్యముండవలెను కాబోలు.

యేర్వాడి తరువాత చట్టము మాఱినది. 2017లో చేసి 2018 మే నెలనుండి అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము స్పష్టముగా చెప్పుచున్నది: కుటుంబము లేదనిగాని, కుటుంబము అంగీకరింపదనిగాని, ఇల్లు లేదనిగాని, ఆ ఒక్క కారణమున ఎవరును ఆసుపత్రిలో ఉండిపోరాదు. సుప్రీంకోర్టు కూడ 2017లో ఈ సంగతి విచారించి, నయమైనవారికి పునరావాస గృహములు ఏర్పఱచుమని రాష్ట్రములను ఆదేశించినది. గోడలోపల మిగిలినవానికి చట్టము తలుపు తెఱచినది. తలుపు బయట ఎవరు నిలుచుండవలెనో చట్టము చెప్పజాలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదను. ఆ చిత్రములు చూచి ఆనందించుట తప్పా? ఆ కుఱ్ఱవానితో ఈ విషయము మాటలాడితిని. వాడు తెలివైనవాడు, మంచి ఎదురుమాట వేసెను. "బాబాయిగారూ, ఎవరో ఒకరు ఆ అటక ఎక్కిచూడకున్నచో ఆ పెట్టెలు ఎవరికి తెలిసెడివి? అందము లేకున్నచో ఆ శిథిలములోనికి ఎవరు పోవుదురు? పోనిచో ఎవరు జ్ఞాపకము పెట్టుకొందురు?" అనెను. నేను ఒప్పుకొంటిని. అందము గడప. గడప లేక ఇంటిలోనికి పోలేము. కాని గడపమీద నిలుచుండుట అశుభమని మన యిండ్లలో పెద్దలు కసరెడివారు: లోపలికి రా, లేక వెలుపలికి పో. ఆకుపచ్చ రంగు పెచ్చులను, తొట్టిలోని ఆకాశమును చూచి, చాలునని తిరిగి వచ్చువాడు గడపమీద నిలిచినవాడు. చిత్రములో ఆ మంచము కనబడినంతనే 'దీనిమీద పండుకొన్నది ఎవరు?' అను మాట లోన పుట్టినచో ఆ చూపునకు దోషము లేదు. అప్పుడు చూపరి ఆనందము తగ్గునా? తగ్గును. తగ్గవలసినదే.

సాధారణీకరణమునుగూర్చి కూడ నాకు తోచిన దొకటి కలదు, పండితులు మన్నింతురుగాక. సీత పేరు తొలగి ఆమె దుఃఖము అందఱిదియు నగునన్నచో, దానికి ముందు ఆమెకు పేరున్నది, తండ్రి యున్నాడు, వాల్మీకి యున్నాడు. ఉన్న పేరును దాటి పోవుట రసము. అసలు పేరే వ్రాయబడనిదానిలో, వ్రాసి తుడిచివేయబడినదానిలో దాటుటకు ఏమున్నది?

మా సంఘమువారు ఈ సంచికకు సాంస్కృతిక వ్యాసము వ్రాయుమనిరి. ఆసుపత్రి సంగతి సంస్కృతి యెట్లగునని కొందఱు అనుకొనవచ్చును. ఈ ఊరిలో మన భాష మాటలాడువారు రైళ్ళలో దిగుచునే యున్నారు. అందులో మతి తప్పి, ఏ బండి యెక్కిరో తెలియక, సెంట్రలులో దిగి తిరుగాడువారును ఉందురు. పోలీసులు అట్టివారిని పట్టుకొని కీల్పాక్కము వంటి చోట్ల చేర్చుట కలదు. మందు పనిచేసి మాట తిరిగి వచ్చునప్పుడు, మొదట వచ్చునది తల్లి నేర్పిన మాట. అది తెలుగైనచో, అరవము మాత్రమే తెలిసిన పరిచారిక చెవిలో అది మరల పిచ్చిమాటగనే పడవచ్చును. అట్టివారు తమ ఊరి పేరు చెప్పుదురు గాని జిల్లా చెప్పలేరు, పిన్‌కోడు చెప్పలేరు. మనము ఏటేట ఉగాదికి కవిసమ్మేళనము జరుపుదుము, సంతోషమే. దానితోబాటు మనలో ఇద్దఱు ముగ్గురు, అధికారుల అనుమతితో, నెలకొకమాఱు పోయి తెలుగు మాటలాడు రోగులున్నచో వారి ప్రక్క కూర్చుండి ఆ ఊరి పేరు వినవచ్చునని కార్యవర్గమునకు ఒక విన్నపము వ్రాసియిచ్చితిని.

ఊళ్ళ పేర్లు నాకు కొంత తెలుసును. ముప్పదియాఱు సంవత్సరములు పార్సెళ్ళు పంపినవాడను. కొత్తపల్లి యని మాత్రము వ్రాసిన మూట వచ్చినచో త్రిప్పి పంపెడివాడను కాను. మన రెండు రాష్ట్రములలో కొత్తపల్లులకు లెక్కలేదు. సరకు తెచ్చినవానిని కూర్చుండబెట్టి అడిగెడివాడను: ఊరికి చెరువు ఏ ప్రక్క నున్నది? రైలుకూత వినబడునా? మీరు ఏ వారమున ఏ సంతకు పోవుదురు? దగ్గఱ తిరునాళ్ళు ఎక్కడ జరుగును? నాలుగైదు ప్రశ్నలకు లోపలనే ఏ కొత్తపల్లియో తేలెడిది.